వేలంలో పాత ఎలక్ట్రానిక్స్ అమ్మకం: పాట ముగిశాకే అసలు తలనొప్పి

#1 పాతకెమెరా

ముందే చెప్పేస్తున్నా, ఇది సలహా కోసం కంటే కడుపుమంట చల్లార్చుకోవడానికి పెడుతున్న పోస్టు.

పాత కెమెరా లెన్సు ఒకటి వేలానికి పెట్టాను. పూర్తిగా మాన్యువల్ ఫోకస్. రింగు చేత్తో తిప్పాల్సిందే, లోపల మోటారే లేదు. ఆ సంగతి టైటిల్లో రాశాను, వివరణ మొదటి లైన్లో రాశాను. మౌంటు వైపు ఎలక్ట్రికల్ కాంటాక్టులు లేవని తెలిసేలా దగ్గరగా ఫొటో కూడా తీసి పెట్టాను. పాట బాగానే సాగింది. గెలిచినాయన డబ్బు కట్టలేదు, మెసేజ్‌కి జవాబు లేదు. సైటు ఇచ్చిన గడువు దాటేదాకా ఆగి, అమ్మకం రద్దు చేసి, రెండో స్థానంలో ఉన్నాయనకి ఆఫర్ పంపితే ఆయనా వద్దన్నాడు. మళ్ళీ మొదటి నుంచి లిస్టింగు.

ఈసారి గెలిచినాయన వెంటనే కట్టాడు. హమ్మయ్య అనుకున్నా. పార్శిల్ అందిన మర్నాడే రిటర్న్ రిక్వెస్టు: "ఆటోఫోకస్ పనిచేయడం లేదు, వస్తువు వివరణకు తగ్గట్టు లేదు."

వివరణ కాపీ చేసి పంపాను, ఫొటో పంపాను. ఆయన డబ్బాలో టిక్కు పెట్టిన కారణాన్నే సైటు వాళ్ళు చూశారు తప్ప నేను రాసింది చదివినట్టు లేదు. తిరుగు ఖర్చు కూడా నా నెత్తినే పడింది. తిరిగొచ్చిన లెన్సుకి వెనక మూత లేదు, ఫిల్టరు బిగించే మర దగ్గర సొట్ట.

ఇది నా ఒక్కడి జాతకమా, అందరిదీ ఇంతేనా?

#2 సోల్డరింగ్‌గన్

అందరిదీ ఇంతే గురూ. "స్పేర్ పార్టుల కోసం మాత్రమే, పవర్ ఆన్ కాదు" అని రాసి మరీ ఒక యాంప్లిఫయర్ అమ్మాను. వచ్చిన ఫిర్యాదు చదవండి: "పవర్ ఆన్ కావడం లేదు."

#3 వైరుచుట్ట

😂 పాపం, కనీసం టెస్ట్ చేసి చూశాడు.

#4 నిదానం

పాతకెమెరా గారూ, మీ రిటర్న్ సంగతి తర్వాత. రెండో స్థానంలో ఉన్నాయన ఎందుకు వద్దన్నాడో ముందు చూద్దాం. చాలామంది అమ్మకందార్లు అక్కడ అనవసరంగా కోపం తెచ్చుకుంటారు.

వేలం సైట్లలో మామూలుగా నడిచేది ప్రాక్సీ బిడ్డింగ్. మనం గరిష్ఠంగా ఎంతదాకా వెళ్తామో ముందే చెప్పేస్తాం. సైటు మన తరఫున పక్కవాడి పాట కంటే ఒక్క మెట్టు పైదాకా మాత్రమే వెళ్తుంది. కాబట్టి గెలిచినవాడు కట్టేది తన గరిష్ఠం కాదు, రెండోవాడి గరిష్ఠానికి ఒక మెట్టు పైన. ఆర్థికవేత్త విలియం విక్రీ 1961లో విశ్లేషించిన రెండో ధర వేలానికి ఇది దగ్గరి చుట్టం. 1996లో ఆయనకు నోబెల్ వచ్చింది. వస్తువు మనకెంత విలువో అంతే నిజాయితీగా పాడటం మంచిదని ఆ లెక్క చెబుతుంది. అయితే గెలిచినవాడు డబ్బు కడతాడన్నది ఆ లెక్కకు పునాది. పునాదే లేకపోతే?

మీ వేలంలో ఎగ్గొట్టినాయన అసలు లేడనుకోండి. అప్పుడు రెండో ఆయనే గెలిచేవాడు, మూడో ఆయన పాటకు ఒక మెట్టు పైన మాత్రం కట్టేవాడు. మీరు పంపిన ఆఫర్లో ఉన్నది మాత్రం ఆయన సొంత గరిష్ఠం. డబ్బు కట్టని మనిషి ఒకడు మధ్యలో దూరి ధరను అక్కడిదాకా తోశాడు. కొనేవాడి వైపు నుంచి చూస్తే ఇది అమ్మకందారే దొంగ పేరుతో పాట పెంచుకున్నట్టు కనిపిస్తుంది. వద్దనడంలో ఆయన తప్పేం లేదు.

మళ్ళీ లిస్టు చేసినప్పుడు సెట్టింగుల్లో, గతంలో డబ్బు ఎగ్గొట్టిన ఖాతాలను అడ్డుకునే ఆప్షన్ ఉందేమో చూడండి. పాడేముందే కార్డు వివరాలు అడిగే సైట్లలో ఈ బెడద కొంత తక్కువ.

#5 పాతకెమెరా

అది నిజమే, ఆ కోణం నాకు తట్టలేదు. ఆయనకి కాస్త ఘాటుగా మెసేజ్ పెడదామనుకుని ఆగాను, నయమైంది.

#6 కడసెకను

నాకు ఇంకో బాధ ఉంది. పాట మొదలైన దగ్గర్నుంచి చివరి రోజు దాకా ఈగ కూడా వాలదు. వాచ్ లిస్టు నిండా జనమే, పాడేవాడు ఒక్కడూ లేడు. టెన్షన్ పట్టలేక కొందరు మధ్యలో వేలం రద్దు చేసేస్తారు. అది చేయకండి. కొనేవాళ్ళు కావాలనే ఆగుతారు.

దీని మీద ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తల పరిశోధన ఒకటి 2002లో అచ్చయింది. అప్పట్లో అమెజాన్ కూడా వేలాలు నడిపేది. ఆఖరి పది నిమిషాల్లో ఎవరైనా పాడితే అక్కడ గడువు పొడిగేది. ఈబేలో గడువు గడువే. అందుకే చివరి క్షణంలో పాడేవాళ్ళు ఈబేలోనే బాగా ఎక్కువని వాళ్ళు తేల్చారు. ఇంకో తమాషా, ఆ ఆఖరి నిమిషపు పాటలు కంప్యూటర్ల కంటే పురాతన వస్తువుల్లో ఎక్కువ. అసలు సరుకేదో పోల్చగల నిపుణుడు ముందే చెయ్యెత్తితే, అతన్ని చూసి మిగతావాళ్ళు ఎగబడతారు కదా. అందుకే గుట్టుగా ఉంటాడు.

పాత ఎలక్ట్రానిక్స్‌లో రెండు రకాలూ ఉన్నాయి. మామూలు ల్యాప్‌టాప్ ధర అందరికీ తెలుసు, దాచడానికేమీ లేదు. తయారీ ఆగిపోయిన ఆసిలోస్కోపు, పాత సింథసైజరు, ట్యూబ్ రేడియో లాంటివి నిపుణుల సరుకు. వాటి వేలం ఆఖరి నిమిషం దాకా చచ్చినట్టు పడుంటుంది. మీరు చూడాల్సిందల్లా ముగింపు వేళ జనం మెలకువగా ఉండే వేళా కాదా అని.

#7 రెండోచేయి

నేను కొనేవాడిని. ఇక్కడ అందరూ అమ్మకందార్ల కష్టాలే చెబుతున్నారు కాబట్టి అవతలి గట్టు నుంచి నాలుగు మాటలు.

ఫొటోలు మూడుంటాయి. మూడూ ముందు వైపు నుంచే. స్క్రీను ఆఫ్‌లో ఉంటుంది. వివరణలో "టెస్ట్ చేయడానికి చార్జర్ లేదు" అని ఉంటుంది. అదే మనిషి మిగతా లిస్టింగులు తెరిస్తే అక్కడ సరిగ్గా అదే చార్జర్ విడిగా అమ్మకానికి ఉంటుంది! "కండిషన్ బాగుంది" అంటే లైటు వెలిగిందని అర్థం. పోర్టులు పనిచేస్తాయా, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఫ్యాను అరుస్తుందా, వీటికి జవాబు ఉండదు. మెసేజ్ పెట్టి అడిగితే "వివరణ చూడండి" అంటారు.

జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు ఉదాహరణతో చెప్పింది ఇదే. సరుకు లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు అన్నిట్లోనూ లోపం ఉందనే లెక్కతో తక్కువ ధర ఇస్తాడు. ఆ ధరకు మంచి సరుకు ఉన్నవాడు బజారుకే రాడు, మిగిలేది డొక్కు సరుకే. మీకు వచ్చే తక్కువ పాటల్లో సగం పాపం మీ ముందు అమ్మినవాళ్ళదే.

#8 సోల్డరింగ్‌గన్

రెండోచేయి గారు చెప్పినదాంట్లో ఘాటు ఎక్కువే కానీ అబద్ధం లేదు. నా వరకు, లిస్టు చేసేముందు ఇవన్నీ చూస్తాను. ఇందులో సగం చేసినా రిటర్నులు బాగా తగ్గుతాయి.

ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీతో మొదలు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ నుంచి బ్యాటరీ రిపోర్టు తీయొచ్చు. కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు ఫుల్ చార్జ్‌లో ఎంత పడుతుంది అని రెండు అంకెలూ పక్కపక్కనే వస్తాయి. ఆ స్క్రీన్‌షాట్ లిస్టింగులో పెట్టేయండి. "బ్యాటరీ బాగుంది" అనే మాట వల్ల గొడవలొస్తాయి. "కొత్తలో 50 వాట్ అవర్లు, ఇప్పుడు 36" అన్నదానికి ఎవడూ గొడవ పడలేడు. హార్డ్ డిస్కుకి స్మార్ట్ రీడింగులు (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు) తీసి ఎన్ని గంటలు తిరిగింది, రీఅలొకేటెడ్ సెక్టార్లు, అంటే పాడైపోయి డిస్కు పక్కన పెట్టేసిన భాగాలు, ఎన్ని అన్నది చూపించండి. స్క్రీనుకి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిండుగా పెట్టి ఒక్కో ఫొటో. చచ్చిన పిక్సెల్ ఉంటే దాని చుట్టూ గుండ్రం గీసి చూపించండి. కొనేవాడు భయపడతాడనుకుంటారు గానీ, దాన్ని కూడా చూపించినవాడు మిగతాది దాచడని నమ్ముతాడు.

ఆడియో సామానుకి వేరే చిక్కు ఉంది. పాత యాంప్లిఫయర్ ఆన్ చేయగానే బ్రహ్మాండంగా పాడుతుంది. వేడెక్కాక మెల్లగా హమ్మింగు మొదలవుతుంది, లేదా ఒక చానెల్ పడిపోతుంది. ఎక్కువసార్లు లోపల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోవడమో, ఎక్కడో సోల్డర్ జాయింటు పగలడమో కారణం. ఈ కెపాసిటర్ల ఆయుష్షు ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా సుమారు సగానికి పడిపోతుందని మెకానిక్కుల మోటు లెక్క. అందుకే హీట్‌సింకు పక్కన ఉన్నవి ముందు పోతాయి. రెండు నిమిషాలు పాట వినిపించి "పనిచేస్తోంది" అని రాస్తే, కొన్నవాడు సాయంత్రం అంతా వింటాడు, రాత్రికి ఫిర్యాదు వస్తుంది. మామూలు వాల్యూమ్‌లో కొన్ని గంటలు వదిలేసి చూశాకే రాయండి. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగర వస్తే అదీ రాయండి. కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోయేదే, కానీ రాయకపోతే నేరం మనదవుతుంది.

#9 వైరుచుట్ట

ఇంత టెస్టింగు చేశాక వచ్చే లాభం చూస్తే, గంటకింత అని కూలి కట్టుకున్నా నష్టమే అన్నా.

#10 సోల్డరింగ్‌గన్

నీ పాత కీబోర్డుకి ఎవడు చేయమన్నాడు? విలువ ఉన్న వస్తువుకి చేయాలి. కీబోర్డు, మౌసు, కేబుళ్ళు అన్నీ కలిపి ఒకే లాట్‌గా పెట్టి, ఏది పనిచేస్తుందో ఏది చేయదో రాసి వదిలించుకో.

#11 అట్టపెట్టె

ప్యాకింగు గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి? వివరణ ఎంత బాగా రాసినా, దారిలో పగిలితే "పగిలిన వస్తువు పంపాడు" అనే రాస్తారు.

టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయరు) పంపేవాళ్ళకు నా వేడుకోలు: దయచేసి అలాగే పెట్టెలో పెట్టి పంపకండి. టోన్ ఆర్మ్, అంటే సూదిని మోసే చెయ్యి, దాని వెనకున్న కౌంటర్‌వెయిట్ తీసేయాలి. సూది, కార్ట్రిడ్జ్ ఉన్న ముందు కొస, అదే హెడ్‌షెల్, ఊడదీసి విడిగా చుట్టాలి. ఆర్మ్‌ని క్లిప్పుకు మెత్తటి తీగతో కట్టేయాలి. ప్లాటర్ అనే బరువైన పళ్ళెం పైకి తీసి, వేరే పొరలో, యూనిట్ కింద పెట్టాలి. అది అలాగే స్పిండిల్ మీద ఉంటే, పార్శిల్ ఒక్కసారి బోర్లా పడ్డా పైకి లేచి ఆర్మ్‌నీ మూతనీ కలిపి చిదిమేస్తుంది. పెట్టె చెక్కుచెదరదు, లోపల పొడి. అప్పుడు కొరియర్ వాళ్ళు "బయట డ్యామేజీ లేదు, మా బాధ్యత కాదు" అంటారు. నేను తెరిచిన ఒక పెట్టెలో ఫిలిప్స్ స్క్రూల దగ్గర్నుంచి అద్దాల మూత ముక్కల దాకా అన్నీ అడుగున కుప్పగా ఉన్నాయి, పైన నీట్‌గా మడతపెట్టిన ఇన్‌స్ట్రక్షన్ మాన్యువల్.

రెండో విషయం, ఖర్చు. కొరియర్లు బరువు మాత్రమే చూడవు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా చోట్ల 5000తో భాగిస్తారు. ఆ అంకె అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే చార్జీ. 50 × 45 × 30 పెట్టె అంటే 13.5 కిలోలు. లోపల టర్న్‌టేబుల్ 5 కిలోలే ఉండొచ్చు. పెట్టె కొలవకుండా లిస్టింగులో షిప్పింగు ఉజ్జాయింపుగా రాసేవాళ్ళు ఇక్కడే మునుగుతారు. పైగా సైటు కమీషన్ చాలా చోట్ల షిప్పింగుతో కలిపిన మొత్తం మీద పడుతుంది.

మూడోది బ్యాటరీలు. లిథియం అయాన్ బ్యాటరీని విడిగా పంపడం, పరికరంలో ఉంచి పంపడం ఒకటి కాదు, నియమాలు వేరు. విడి బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయడాన్ని 2016 ఏప్రిల్ నుంచి అంతర్జాతీయంగా ఆపేశారు. సరుకు విమానంలో వేసినా చార్జ్ 30 శాతానికి మించకూడదన్నారు. వాట్ అవర్లు తెలియకపోతే వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి. 11.1 వోల్టులు, 4.4 ఆంపియర్ అవర్లు అయితే దాదాపు 49. ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఏ రూపంలోనూ పార్శిల్ చేయకండి. "స్పేర్ల కోసం" అని రాసినా సరే. తీసి ఈ-వేస్టు సేకరణకు ఇచ్చేసి, "బ్యాటరీ లేదు" అని రాసి అమ్మండి.

#12 కొత్తసభ్యుడు

అందరికీ నమస్కారం. రిటర్న్‌లో మన వస్తువు కాకుండా వేరేది వస్తే ఏం చేయాలి? గ్రాఫిక్స్ కార్డు అమ్మాను. తిరిగొచ్చింది అదే మోడల్, కానీ మీద దుమ్ము గడ్డకట్టి ఉంది. నాది శుభ్రంగా తుడిచి పంపాను. అది నాది కాదని నాకు ఖాయంగా తెలుసు.

#13 నిదానం

ఇది పాత ఎత్తు. తన దగ్గర అదే మోడల్ చచ్చిపోయింది ఉంటుంది. మీ దగ్గర బాగున్నది కొని, తన చచ్చినదాన్ని "పనిచేయడం లేదు" అని వెనక్కి పంపుతాడు. కొందరైతే ఇంకా తెలివిగా పైన హీట్‌సింకు, స్టిక్కరు మీవే ఉంచి, లోపలి బోర్డు మాత్రమే మారుస్తారు.

మీరిప్పుడు చేయాల్సింది ఏమిటంటే, వచ్చిన పెట్టె, లేబులు, కార్డు ఫొటోలు తీసి గడువులోపల సైటు వాళ్ళకు అప్పీలు వేయడం. రీఫండ్ బటన్ నొక్కాక అప్పీలు వేస్తే చాలా చోట్ల పట్టించుకోరు. పంపేటప్పటి సీరియల్ నంబరు ఫొటో ఉందా మీ దగ్గర?

#14 కొత్తసభ్యుడు

లిస్టింగులో ఒక ఫొటోలో వెనక స్టిక్కరు సగం కనిపిస్తోంది. చివరి నాలుగు అంకెలు చదవొచ్చు. వచ్చినదానిమీద అవి వేరే.

#15 నిదానం

అయితే బ్రతికారు. ఆ ఫొటో లిస్టింగులోదే కాబట్టి తర్వాత కల్పించారని అనలేరు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, రెండే వాక్యాల్లో రాయండి. కథంతా రాస్తే ఎవరూ చదవరు.

ఇకముందు అందరూ చేయదగ్గది: సీరియల్ నంబరు కనబడుతుండగా పరికరం పనిచేయడం, అక్కడి నుంచి కట్ లేకుండా పెట్టెలో పెట్టి టేపు వేయడం, లేబులు అతికించడం, అంతా ఒకే వీడియోగా తీయండి. స్క్రూల మీద అతినీలలోహిత పెన్నుతో చిన్న చుక్క పెడితే, తెరిచారో లేదో అతినీలలోహిత టార్చితో తెలుస్తుంది. ఫోన్లకయితే *#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, వస్తుంది. 15 అంకెలు, చివరిది మిగతా వాటిని సరిచూసే అంకె. కాబట్టి ఎవరైనా నోటికొచ్చిన నంబరు చెబితే ఎక్కువసార్లు లెక్కలోనే దొరికిపోతుంది. ఈ నంబరు పూర్తిగా లిస్టింగులో పెట్టకండి. దాన్ని కాపీ చేసుకునేవాళ్ళున్నారు. మీ దగ్గర దాచుకోండి.

వీడియో ఉన్నంత మాత్రాన గెలుస్తారన్న గ్యారంటీ లేదు. పైగా సైటు రిటర్న్ వేరు, కార్డు కంపెనీ ద్వారా కట్టిన డబ్బు వెనక్కి లాక్కునే చార్జ్‌బ్యాక్ వేరు. సైటులో మీరు గెలిచాక కూడా ఆయన బ్యాంకు దగ్గరికి వెళ్ళొచ్చు. ఆ గడువు నెలల్లో ఉంటుంది. అందుకే కాయితాలు, వీడియోలు వెంటనే తుడిచేయకండి.

#16 పాతకెమెరా

ఇంత జరిగాక నేను ఆయనకి నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇద్దామంటే ఆ బటనే లేదు! ఆయన మాత్రం నాకు ఇవ్వొచ్చు.

#17 కడసెకను

ఈబే దీన్ని 2008లోనే మార్చింది. అంతకుముందు ఇద్దరూ ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్ళు. కొనేవాడు నిజం రాస్తే అమ్మేవాడు పగబట్టి తిరిగి నెగటివ్ ఇచ్చేవాడు. ఆ భయంతో కొనేవాళ్ళు నోరు మూసుకునేవాళ్ళు. అప్పటి నుంచి అమ్మేవాళ్ళకు నెగటివ్ ఇచ్చే వీలు తీసేశారు. మిగతా చోట్లా దాదాపు ఇదే ధోరణి. న్యాయమా అంటే, కొనేవాడిగా న్యాయం అంటాను, అమ్మేవాడిగా తిడతాను.

#18 రెండోచేయి

పగ తీర్చుకునే ఫీడ్‌బ్యాక్ నాకూ తగిలింది ఆ రోజుల్లో. పోయి మంచి పనైంది.

#19 పాతకెమెరా

మీరు కొనేవాళ్ళు కాబట్టి అలాగే అంటారు లెండి.

#20 నిర్వాహకులు

ఒక మనవి. పైన ఒకరు తన కొనుగోలుదారు ఖాతా పేరు, ఊరు రాశారు, ఆ పోస్టు తీసేశాం. మీ వైపు ఎంత న్యాయం ఉన్నా ఇక్కడ వ్యక్తుల వివరాలు వద్దు. చర్చ కొనసాగించండి.

#21 ఫోన్‌డబ్బా

ఫోన్లు అమ్మేవాళ్ళ బాధలు వేరే. "ఫోన్ లాక్ అయి ఉంది, పాస్‌వర్డ్ అడుగుతోంది" అన్న ఫిర్యాదు నూటికి తొంభైసార్లు అమ్మినవాడి ఖాతా తీయకపోవడం వల్లే. యాపిల్ 2013లో ఐఓఎస్ 7తో యాక్టివేషన్ లాక్ తెచ్చింది, రీసెట్ చేసినా పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆండ్రాయిడ్‌లో 5.1 నుంచి, అంటే 2015 నుంచి, ఇలాంటి ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్ ఉంది. దొంగల కోసం పెట్టినవే, కానీ ఫోన్‌కి ఆ తేడా తెలియదు కదా. ముందు ఖాతాలోంచి సైన్ అవుట్ అవ్వాలి, తర్వాత సెట్టింగుల్లోంచి రీసెట్. రికవరీ మెనూలోంచి నేరుగా రీసెట్ చేస్తే లాక్ అలాగే కూర్చుంటుంది. రీసెట్ అయ్యాక వచ్చే స్వాగతం స్క్రీను ఫొటో తీసి లిస్టింగులో పెట్టండి.

ఇంకొకటి, వేలం మధ్యలో మెసేజ్ పెట్టే రకాలు. "వేలం ఆపేయండి, బయట డబ్బిస్తాను." "చివరి రేటు ఎంత?" అరె, వేలమే నడుస్తుంటే చివరి రేటు నాకేం తెలుసు? "మా తమ్ముడు వచ్చి తీసుకెళ్తాడు, నేను ఆన్‌లైన్లో కడతాను" అనేవాడితో మరీ జాగ్రత్త. తమ్ముడొచ్చి తీసుకెళ్తాడు, అన్న "నాకు వస్తువు అందలేదు" అని క్లెయిమ్ వేస్తాడు. మీ దగ్గర ట్రాకింగ్ నంబరు ఉండదు, డెలివరీ అయిందని చూపించలేరు. చేతికిచ్చేటప్పుడు నగదే, లేదా సైటు ఇచ్చే పికప్ కోడ్ స్కాన్ చేయించుకోండి. డబ్బు పంపామంటూ ఈమెయిల్ వస్తే దాంట్లో లింకు నొక్కకండి, మీ ఖాతాలోకి విడిగా వెళ్ళి చూసుకోండి. "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది వెనక్కివ్వండి" అంటే అక్కడితో మాట ఆపేయండి.

#22 వైరుచుట్ట

ఇదంతా చదివాక ఒకటే అడగాలనిపిస్తోంది. అసలు వేలం దేనికి? ఫిక్స్‌డ్ రేటు పెట్టుకుని కూర్చుంటే పోదా?

#23 కడసెకను

వస్తువును బట్టి. ముగిసిన అమ్మకాల ధరలు చూసి విలువ తేలిపోయే ఫోను, ల్యాప్‌టాప్ లాంటివాటికి వేలం దండగ. మీకు తెలిసిన ధరను మీరే జూదంలో పెట్టినట్టు. విలువ ఎంతో తేలనివాటికే వేలం. రెండేళ్ళకోసారి బజారుకొచ్చే కొలత పరికరం, ఆగిపోయిన మోడల్‌కి సరిపోయే ఒకే ఒక బోర్డు. ఇలాంటివి కావలసిన ఇద్దరు ఒకేసారి ఉంటే చాలు, పాట మనం అనుకోని చోటికి పోతుంది. ఆ ఇద్దరూ లేని వారంలో పెట్టామంటే అడుగు రేటుకే పోతుంది. ఆ భయం ఉంటే మొదటి పాటనే, ఇంతకు తక్కువైతే ఇవ్వను అన్న చోట పెట్టండి. రహస్య రిజర్వు ధర, అంటే పాడేవాళ్ళకు చెప్పకుండా పెట్టుకునే కనీస ధర, నాకు నచ్చదు. "రిజర్వు అందలేదు" అని చూసి జనం వెళ్ళిపోతారు.

#24 సోల్డరింగ్‌గన్

పాడైన సరుకుకి వేలమే మంచిదని నేను అంటాను. చచ్చిన బోర్డు విలువ దాన్ని బాగుచేసుకోగలవాడికే తెలుసు. ఈబే కథ చూడండి. పియర్ ఒమిడ్యార్ 1995లో సైటు పెట్టాక అమ్ముడైన మొదటి వస్తువుగా చెప్పేది పగిలిన లేజర్ పాయింటరు, 14.83 డాలర్లకు. ఇది పనిచేయదని తెలుసు కదా అని ఆయనే అడిగితే, పాడైన లేజర్ పాయింటర్లే సేకరిస్తానని కొన్నాయన జవాబిచ్చాడట. ఆ ప్రశ్న ఆయన ముందే అడిగాడు చూశారా. నేనూ విలువైన చచ్చిన సరుకుకి పాట ముగియగానే, పంపేముందు ఒక మెసేజ్ పెడతాను: "ఇది పనిచేయదు, స్పేర్లకే అని మీకు తెలుసు కదా?" అవునని రాస్తేనే ప్యాక్ చేస్తాను. తర్వాత గొడవైతే సైటు మెసేజ్ బాక్సులో ఆ ఒక్క "అవును" చాలా పనికొస్తుంది. రద్దు చేసుకుంటానంటే మరీ మంచిది, పోస్టేజీ మిగిలింది.

#25 పాతకెమెరా

ఇది బాగుంది. "మాన్యువల్ ఫోకస్ అని తెలుసు కదా" అని అడుగుతా ఈసారి.

#26 ఫోన్‌డబ్బా

"కొంత డబ్బు వెనక్కిస్తే వస్తువు ఉంచుకుంటాను" అనేవాళ్ళకు ఏం చెబుతున్నారు మీరంతా? వస్తువు బాగానే ఉందని వాడికీ తెలుసు.

#27 నిదానం

బేరం ఆడకుండా ఒకే జవాబు: "సమస్య ఉంటే పూర్తి వస్తువు వెనక్కి పంపండి, పూర్తి డబ్బు ఇస్తాను." వస్తువు నిజంగా కావలసినవాడు అక్కడితో మాయమవుతాడు. నిజంగా పాడైతే తిరిగి పంపుతాడు, దానికి మనమూ బాధపడక్కర్లేదు. "డబ్బివ్వకపోతే నెగటివ్ పెడతా" అని రాతపూర్వకంగా బెదిరిస్తే, ఆ మెసేజ్‌నే సైటుకు రిపోర్ట్ చేయండి.

#28 కొత్తసభ్యుడు

అప్పీలు ఒప్పుకున్నారు, రీఫండ్ ఇవ్వక్కర్లేదన్నారు. నిదానం గారికి థాంక్స్. ఇంకో డౌటు. ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని, చిప్పుల డిస్కు) అమ్ముదామనుకుంటున్నా. ఫార్మాట్ కొడితే చాలా, లేక సున్నాలతో నింపాలా?

#29 సోల్డరింగ్‌గన్

రెండూ వద్దు. పాత తిరిగే డిస్కుకయితే మొత్తం ఒకసారి సున్నాలతో నింపితే మామూలు అవసరానికి సరిపోతుంది. ఎస్ఎస్‌డీలో కంట్రోలరు అరుగుదల సమానంగా ఉండాలని డేటాను అటూ ఇటూ జరుపుతుంది. మనకు కనిపించని అదనపు సెల్స్ కూడా కొన్ని ఉంటాయి. మీరు నింపిన సున్నాలు వాటి దాకా చేరకపోవచ్చు, పైగా అనవసరపు అరుగుదల. తయారీదారు ఇచ్చే టూల్‌లో సెక్యూర్ ఎరేజ్ ఉంటుంది, అది వాడండి. కొన్ని కంప్యూటర్లలో బయోస్‌లోనే, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోనే, ఉంటుంది. అయ్యాక స్మార్ట్ రీడింగులో ఎంత డేటా రాశారో, ఆయుష్షు ఎంత శాతం మిగిలిందో స్క్రీన్‌షాట్ తీసి లిస్టింగులో పెట్టండి. ముఖ్యంగా, చెరపకముందు ఏ డ్రైవ్ ఎంచుకున్నారో సైజు, సీరియల్ నంబరు రెండూ చూసి నొక్కండి.

#30 వైరుచుట్ట

నేను ఇంక్ ట్యాంక్ ప్రింటరు ఒకటి పెడదామనుకుంటున్నా. దీనికేమైనా ప్రత్యేకం ఉందా?

#31 అట్టపెట్టె

ఉంది. ట్యాంకుల్లో ఇంకు ఉంచి పంపితే, పెట్టె తలకిందులైన చోట పక్కవాళ్ళ పార్శిళ్ళు కూడా నీలమవుతాయి. హెడ్డు లాక్ చేయడం, ట్యాంకు ఖాళీ చేయడం మోడల్‌ని బట్టి మారతాయి. మోడల్ నంబరు రాసి కొత్త టాపిక్ పెట్టు, అక్కడ చెబుతా.